ఆ పిల్లకు నేనిచ్చిన ఫిల్టర్

పెండ్లికూతురి తల్లి మా స్టూడియో నమూనా ఆల్బమ్‌లో మొదటి ఆరు పేజీలను పాత పేపరు తిప్పినట్టు తిప్పేసింది. ఏడో పేజీ మీద ఆమె వేలు ఆగింది. ఆ వేలు ఆగిన క్షణంలోనే నాకు మొదటిసారి భయం పుట్టింది. మొదటి ఆరు పేజీల ఫోటోలూ నావి. ఏడోది నేను తీసింది కాదు.

“గిది ఎవరు తీసిన్రమ్మా?” అని అడిగింది.

“మా కొత్త పిల్ల తీసింది ఆపా,” అన్నది మా మేడం. మేడం అంటే స్టూడియో యజమాని భార్య. “రెండు నెలలే అయితాంది వచ్చి.”

“మా చిన్నదాని షాదీకి గా పిల్లనే పంపుర్రి.” అంతలో నేను పక్కనే నిలబడి ఉన్నానని గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగి దయగా నవ్వింది. “ఈమె గూడ రావాలె. మా పెద్దదాని షాదీల ఈమెనే గద తీసింది. పాపం, మస్తు కష్టపడ్డది.”

కష్టపడ్డది అన్నది. మంచిగ తీసింది అనలేదు. కూర తిన్నవాళ్లు “పాపం, పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉంది” అంటే కూర ఎలా కుదిరిందో వండినావిడకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఏడో పేజీ ఫోటో మా మేడం అన్న కూతురి నలుగు నాటిది. మేనత్త చేతిలోంచి పసుపు ముద్ద జారి పెండ్లికూతురి ముక్కు మీద పడింది. పెండ్లికూతురికి తుమ్ము వస్తోంది. ఆపుకుంటోంది. ఆపుకోలేక నవ్వుతోంది. రెప్పపాటు దాటితే ఉండని ముఖం అది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ముత్తయిదువలను వరసగా నిలబెట్టి “ఇటు చూడుర్రి, ఇటు చూడుర్రి” అంటున్నాను. అందరూ నా వైపే చూశారు. ఆరు పేజీల నిండా అందరూ నా వైపే చూస్తున్నారు.

కెమెరా కొత్తగా పట్టిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “అక్కా, లెన్స్ ముందర ఫిల్టర్ పెట్టాల్నా, ఒద్దా?” ఫిల్టర్ అంటే లెన్స్ ముందు సీసా మూతలా తిప్పి బిగించే పలుచని గాజు బిళ్ల. దుమ్ము, గీతలు, నీటి చుక్కలు తన మీద వేసుకుని లెన్స్‌ను కాపాడుతుందని చెప్పి అమ్ముతారు. నిన్న కూడా ఒక అమ్మాయి అడిగింది. అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోయాను. ఇప్పుడు మా పిల్లలిద్దరూ పడుకున్నారు. చిన్నోడికి సాయంత్రం నుంచి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, గంటకోసారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలి. ఎలాగూ నిద్ర లేదు కనుక ఆ జవాబేదో రాద్దామని కూర్చున్నాను.

నేను నల్లగొండలో ఒక స్టూడియోలో ఏడేళ్లు పనిచేశాను. తెలంగాణ వచ్చిన కొత్తలో డిగ్రీ అయిపోయింది. కెమెరా పట్టుకోవడం సరదాగా నేర్చుకున్నదే బతుకుదెరువు అయింది. ఊళ్లో స్టూడియోలకు లోటు లేదు. మా స్టూడియోకు ఉన్న ప్రత్యేకత ఆడవాళ్ల చేతి కెమెరా. ముస్లింల పెండ్లిళ్లలో ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫర్ అడుగు పెట్టడు. అక్కడికి మేమే వెళ్లాలి. ఫోటోలు తీశాక మెమరీ కార్డును స్టూడియోకు తెచ్చుకోం. హాల్లోనే పెండ్లికూతురి తల్లి చేతిలో పెట్టేస్తాం. తర్వాత ఆమె చెప్పిన రోజున లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికే వెళ్లి, వాళ్ల ముందే కూర్చుని ఫోటోలు సరిచేసి, వాళ్ల పెన్‌డ్రైవ్‌లో వేసి, మా దగ్గర ఒక్కటి కూడా మిగలకుండా తుడిచేసి వస్తాం. మా స్టూడియో మగవాళ్లెవరూ ఆ ఫోటోలు చూడరు. ఆ నమ్మకం మీదే మాకు పని దొరికేది.

చాలాకాలం ఆ పనంతా నా ఒక్కదానిదే. ఏ గల్లీలోకి వెళ్లినా చిన్నపిల్లలు “కెమెరా ఆపా వచ్చింది” అని ఎదురొచ్చేవాళ్లు. ఆపా అంటే అక్క. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో, అది ఇంకొకరికి పోతుందేమోనన్న భయం వేసేదాకా నాకే తెలియదు.

ఆ కొత్త పిల్లది కేతేపల్లి దగ్గర ఒక ఊరు. తండ్రి గొర్లు మేపుతాడు. ఇంటర్ అయిపోయాక ఫోన్‌తో గొర్రెపిల్లల ఫోటోలు తీస్తూ తీస్తూ ఇటు వచ్చింది. “గొర్రెపిల్లలు నిలవడుమంటే నిలవడయి గదక్కా, గందుకే జల్ది తీసుడు అలవాటైంది,” అని చెప్పింది మొదటి రోజు. నేను నవ్వాను. రెండు నెలల్లో నా నవ్వు పోయింది. నేను పుస్తకాలు చదివి, వీడియోలు చూసి, నోట్సు రాసుకుని నేర్చుకున్నదంతా ఈ పిల్ల గొర్ల మంద వెనక నడుస్తూ నేర్చేసుకుంది.

దానికి తోడు లెన్స్. స్టూడియోది కాదు, ఆమె సొంతం. తండ్రి రెండు పొట్టేళ్లు అమ్మి కొనిచ్చాడు. అది కొన్న వారం ఆయనే మా స్టూడియోకు వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, చెప్పులు బయటే విడిచి వచ్చి లోపల ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“నువ్వేనా బిడ్డా, మా పిల్ల అక్క అక్క అంటది?” అన్నాడు నాతో.

“నేనే బాపూ.”

“గా అద్దం పైలం బిడ్డా. దానికేమన్నయితె మల్ల కొననీకి నా తాన జీవాలు లెవ్వు. ఈ పిల్లకు అన్నింట్ల తొందర. జర నువ్వు సూసుకో.”

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆల్బమ్ మీద ఆ వేలు ఆగింది ఆ తర్వాత పది రోజులకు.

ఆ చిన్నకూతురి పెండ్లి ఆ పిల్లకు పరీక్ష కూడా. “ఈ షాదీ మంచిగ తీసినవనుకో, ఇగ నువ్వు మా స్టూడియో మనిషివే. లేకుంటె మీ ఊరి బస్సెక్కుడే,” అని మేడం అందరి ముందూ చెప్పేసింది. మేడం చెడ్డ మనిషి కాదు. ఆడవాళ్ల వైపు పేరు ఒకసారి పోతే మళ్లీ రాదని ఆమె భయం. ఊరికి వెళ్లిపోతే ఆ పిల్లకు మళ్లీ ఇటు దారి లేదు. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

పెండ్లికి రెండు రోజుల ముందు ఆ పిల్ల లెన్స్‌ను రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, దీనికి ముందర ఫిల్టర్ పెట్టాల్నా? కొందరేమో పెట్టుమంటున్నరు, కొందరేమో ఉత్త దండుగ అంటున్నరు. షాదీల మస్తు జనముంటరు గద, తాకితె గీత పడతదని ఒకటే ఫికరయితాంది. నువ్వేం చెప్తె గదే చేస్త.”

నాకు జవాబు తెలుసు. మీకిప్పుడు చెబుతున్నది అప్పుడు కూడా నాకు తెలుసు. కంకర క్వారీ దారిలో, పొలంలో, నలుగులో, తలంబ్రాల దగ్గర ఫిల్టర్ పెట్టుకోండి. దీపాలు గానీ బల్బులు గానీ కెమెరాకు ఎదురుగా వచ్చే చోట తీసేయండి. ఎందుకంటే ఎదుటి వెలుగు లెన్స్ అద్దానికీ ఫిల్టర్ గాజుకూ మధ్య అటూ ఇటూ తగిలి, ఫోటోలో ఇంకోచోట పచ్చటి మచ్చగా తేలుతుంది. మంచి ఫిల్టర్‌లో అది తక్కువ. చవక ఫిల్టర్‌లో ఎంత చీకటిగా ఉంటే అంత ఎక్కువ. తగులుళ్ల నుంచి కాపాడాలంటే లెన్స్ చుట్టూ తొడిగే ప్లాస్టిక్ తొడుగు ఫిల్టర్ కంటే నయం. ఇంత చెప్పడానికి ఒక నిమిషం పట్టదు.

నేను చెప్పింది ఇది: “పెట్టుకోవాలె. పెట్టినంక తియ్యొద్దు. ఒక్కసారి గీత పడ్డదంటె మీ బాపుకు ఏం చెప్తవ్?”

అని నా సొరుగు తెరిచి ఒక పాత ఫిల్టర్ తీసి ఇచ్చాను. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద కొన్నది. నేనెందుకు వాడడం మానేశానో చెబుతాను. ఒక పెండ్లిలో హారతి పళ్లెం ఫోటో తీస్తే పళ్లెంలో ఒక దీపం, పెండ్లికొడుకు చెవి పక్కన ఇంకో దీపం వచ్చాయి. పెండ్లికొడుకు మేనమామ ఆ ఫోటో చూసి, “రెండోది ఎవరి కోసమమ్మా, రెండో పెండ్లికా?” అని అందరిలో నవ్వాడు. ఆ రోజే దాన్ని విప్పి సొరుగులో పడేశాను. నా లెన్స్‌కు మంచిది కొనుక్కున్నాను. దాన్ని కూడా దీపాల దగ్గర విప్పి జేబులో వేసుకుంటాను.

“నీ దగ్గరిది నాకిస్తున్నవా అక్కా?” అని ఆ పిల్ల సంబరపడింది. అక్కడే బిగించుకుంది. గాజు మీద నోటితో ఊది, చున్నీ అంచుతో తుడిచింది.

అప్పుడు నాలో ఏముందో దాచకుండా చెప్పాలి. ఆ ఫిల్టర్ ఇస్తున్నప్పుడు ఫలానా చోట ఫలానా ఫోటో చెడిపోవాలని లెక్క వేసుకోలేదు. అయితే చెడితే బాగుండునని ఉంది. పైగా నన్నెవరూ తప్పు పట్టలేరని కూడా ఉంది. లెన్స్‌ను కాపాడుకో అని చెప్పడం తప్పెలా అవుతుంది? భయస్తురాలినని నాకు ముందే పేరు. మా పిల్లలకు ఎండాకాలంలో కూడా చెవులకు గుడ్డ కట్టి పంపుతానని వీధంతా నవ్వుతుంది. నాలాంటి మనిషి జాగ్రత్త చెబితే ఎవరు అనుమానిస్తారు?

పెండ్లి రోజు పగలంతా ఆ ఫిల్టర్ ఆమెకు ఏ అపకారమూ చేయలేదు. ఎండ వెలుగులో అలాంటి గాజు కూడా బుద్ధిగానే ఉంటుంది. గోరింట పెట్టిన చేతులతో నీళ్లు తాగలేక పెండ్లికూతురు ఇబ్బంది పడుతుంటే, అక్క గ్లాసు పట్టి తాగించడం తీసింది. వంటల దగ్గర ఒక ముసలమ్మ నిద్రపోతూ కూడా విసనకర్ర ఊపడం తీసింది. నేను వచ్చినవాళ్లను గుంపులు గుంపులుగా నిలబెట్టి తీశాను. మధ్యమధ్య ఆమె కెమెరా వెనక బొమ్మ వచ్చే తెర వైపు చూశాను. ప్రతిసారీ బాగానే ఉంది. నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం జల్వా మొదలైంది. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. పెండ్లికొడుకును ఆడవాళ్ల వైపు తీసుకొస్తారు. పెండ్లికూతురి పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి తలల మీదా ఎర్రటి దుపట్టా కప్పి, మధ్యలో అద్దం పెడతారు. పెండ్లికొడుకు ఆమె ముఖాన్ని ముందు ఆ అద్దంలోనే చూడాలి. ఆమె కండ్లు మూసుకుని ఉంటుంది. “నేను నీ గులామ్‌ని, కండ్లు తెరువు” అని అతను అంటే తప్ప తెరవదు. తెరిచి అద్దంలో అతన్ని చూస్తుంది. మళ్లీ చేయడానికి లేని ముహూర్తం అది.

దుపట్టా కింద చీకటి. ఒక్క కెమెరాకే చోటుంది. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని పెండ్లికూతురి భుజం పక్కనుంచి అద్దానికి గురిపెట్టింది. నేను ఆమె వెనక నిలబడి చేతి లైటు పట్టుకున్నాను. ఆ రోజు నా పని అంతవరకే.

మొదటి ఫోటో తీయగానే కెమెరా తెర మీద కనిపించింది. అద్దం అంచున నా లైటు తెల్లగా మెరుస్తోంది. దానికి ఎదురుమూల, సరిగ్గా పెండ్లికూతురి ఎడమ కన్ను మీద, బఠానీ గింజంత పచ్చటి మచ్చ. ఆ పిల్ల కన్ను కెమెరాకు ఆనించే ఉంది కనుక తెర చూడలేదు. చూసింది నేను.

“పిల్లా, ఫిల్టర్ తియ్యి” అంటే చాలు. అది కూడా అక్కర్లేదు, నా చెయ్యి ఒక జానెడు పక్కకు జరిపితే అద్దంలోంచి లైటు మాయమవుతుంది, మచ్చా పోతుంది.

“చెప్పు దూల్హా మియా, చెప్పు!” అని పెండ్లికూతురి అక్కా, చుట్టాల ఆడపిల్లలూ అరుస్తున్నారు.

పెండ్లికొడుకు గొంతులో ఏదో గొణిగాడు.

“వినపడలే! చెవిలోపల చెప్పుకుంటున్నవా?”

అతను మళ్లీ అన్నాడు. ఈసారి “గులామ్” దాకా వచ్చి ఆగిపోయాడు. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

“గులామ్ అననీకి గింత సిగ్గా? మా ముసలాయన బతికినన్నాళ్లూ గదే పని చేసిండు,” అన్నది పెండ్లికూతురి నానమ్మ. “గట్టిగ చెప్పు బేటా, గా వంటోళ్లకు గూడ వినపడాలె.”

మూడోసారి గట్టిగా చెప్పాడు. మూడుసార్లు నాకు వ్యవధి దొరికింది. నా చెయ్యి నొప్పిపుడుతోంది, జరపాలని దానంతట దానికే ఉంది. నేనే జరపనివ్వలేదు. పెండ్లికూతురు కండ్లు తెరిచింది. కెమెరా చప్పుడైంది.

ఆ తర్వాత జరిగింది నన్ను ఇంకా మండించింది. ఏదో తేడాగా ఉందని ఆ పిల్లకు తోచినట్టుంది. ఎందుకో ఆమెకు తెలియదు. అయినా మోకాళ్ల మీదే పాకి ఎడమ వైపు జరిగి, అక్కడి నుంచి రెండు తీసింది. ఆ రెండింటిలో మచ్చ దుపట్టా అంచు మీదికి వెళ్లిపోయింది. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకుండానే సగం దారి కనుక్కుంది. అప్పటికి పెండ్లికూతురు సిగ్గుతో కండ్లు దించేసుకుంది.

భోజనాల తర్వాత పెండ్లికూతురి తల్లి కార్డు తీసుకునే ముందు ఫోటోలు చూస్తానన్నది. మేడం కూడా అక్కడే ఉంది. ఒక్కొక్కటే చూస్తూ “మాషా అల్లా” అంటూ వచ్చిన ఆమె జల్వా దగ్గర ఆగింది.

“గిదేందమ్మా? నా బిడ్డ కన్ను మీద గీ పచ్చమచ్చ ఏంది?”

ముందు ఫోటో, వెనక ఫోటో జరిపి చూసింది. కండ్లు మూసుకున్నప్పుడు మచ్చ. కండ్లు తెరిచినప్పుడు మచ్చ.

“ఏందే గిది?” అన్నది మేడం ఆ పిల్లతో.

ఆ పిల్ల కెమెరా తెర మీదికి వంగి చూసింది. “నాకు తెల్వది మేడం. నేను మంచిగనే... నాదే తప్పు.”

“తప్పంటె అయిపాయెనా? మల్ల జల్వా చేస్తరా వాళ్లు నీ కోసం? రేపొచ్చి నీ సామాను తీస్కపో.”

పెండ్లికూతురి తల్లి అరవలేదు. నా వైపు చూసి, “నువ్వే తీస్తె అయిపోతుండె గద బిడ్డా, మాకే తెలివిలేక పాయె,” అన్నది.

ఆల్బమ్ చూసిన నాటి నుంచి నేను వినాలని కోరుకున్న మాట అది. విన్నాను. సంతోషం కలగలేదని అబద్ధం చెప్పను. కలిగింది. ఆటో ఎక్కేదాకా ఉంది.

ఆటోలో ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, సంచిలోంచి లెన్స్ తీసి, ముందున్న గాజును వీధి దీపాల వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“ఒక్కటైతె మంచిగైందక్కా. దీనికి ఒక్క గీత పడలే. జనం ఎట్ల తోసుకున్నరో చూసినవ్ గద. నువ్వు ఫిల్టర్ ఇయ్యకపోతె ఇయ్యాల్టితోని అద్దం ఖతమే. పనైతె పాయె గని, అద్దం బచాయించింది అక్కనే అని బాపుకు చెప్త.”

నన్ను తిట్టినా, అనుమానించినా తట్టుకునేదాన్నేమో. ఆమె దిగాల్సిన చోటు వచ్చింది. దిగి, “పోయొస్తనక్కా” అన్నది. మామూలుగా “రేపు కలుస్తనక్కా” అంటుంది.

మరునాడు పది గంటలకు మేడం తాళం తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మేడం తాళంచెవి బల్ల మీద పెట్టింది. “నా బిడ్డల పెండ్లయినా నీ చేతిలనే పెడదామనుకున్న,” అన్నది. నన్ను మాత్రం పనిలోంచి తీసేయలేదు. సామాను కోసం వచ్చిన ఆ పిల్లకు కూడా నేనే చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోగా నవ్వింది, నేను ఆమెను కాపాడడానికి నేరం నెత్తిన వేసుకుంటున్నానని. నేను మళ్లీ చెప్పాను. అప్పుడు కెమెరా తీసి, స్టూడియోలో వెలుగుతున్న ట్యూబులైటును ఫిల్టర్‌తో ఒకటి, విప్పి ఒకటి తీసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

“గిది నీకు ముందుగాల్నే ఎర్కనా?”

“ఎర్కే.”

ఫిల్టర్‌ను నా బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఆమె పని నిలిచింది. నాతో మాట్లాడడం మానేసింది. తప్పనప్పుడు “మేడం” అని పిలిచేది. అక్క అనడానికి మూడు నెలలు పట్టింది, అది కూడా పొరపాటున.

ఫోటోలు సరిచేయడానికి పెండ్లికూతురి ఇంటికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఆ తల్లికి కూడా చెప్పాను. ఆమె చాయ్ కప్పు కింద పెట్టి, “జలన్, కండ్లమంట అందరికుంటది బిడ్డా. నా తోడికోడళ్ల మీద నాకు లేదా? కని గా లైటు నీ చేతిల ఉండె గద,” అన్నది. సాయంత్రం దాకా కూర్చుని మచ్చలు తుడిచాను. దుపట్టా మీదివి, గోడ మీదివి పోయాయి. కన్ను మీదిది మాత్రం పోలేదు. మచ్చ కింద కన్ను లేదు. కుడికన్నును చూసి ఎడమకన్నును గీయాలి. గీసి చూపించాను. పెండ్లికూతురు చూసి, “ఒద్దాపా. గీసిన కన్నుతోని నేనెట్ల చూస్త ఆయనను?” అన్నది. ఆ పిల్ల పాకి తీసిన ఫోటోను, కండ్లు దించుకుని నవ్వుతున్నదాన్ని, ఏరుకుంది. అది తన గదిలో పెట్టుకుంటానన్నది.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను ఆ పిల్లకు లైటు పట్టాను. ఎవరూ పట్టమనలేదు. పెండ్లిళ్లలో ఆమె ముందు, నేను వెనక. “కెమెరా ఆపా” అంటే ఇప్పుడు ఆమె. మా ఆయనకు జడ్చర్లలో మందుల కంపెనీలో పని దొరకడంతో ఉద్యోగం మానేసి ఇక్కడికి వచ్చేశాం.

తప్పు ఒప్పుకుంటే కండ్లమంట చల్లారుతుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. మొన్న ఆమె అమ్రాబాద్ వైపు వెళ్లి, అడవి అంచున వానలో నిలబడ్డ లేగదూడ ఫోటో స్టేటస్ పెట్టింది. రెండు వేళ్లతో పెద్దది చేసి మూలమూలలా వెతికాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఫోన్ బోర్లా పెట్టి పప్పు తాలింపు వేసుకున్నాను. పావుగంటయ్యాక “మంచిగుంది” అని మెసేజ్ పెట్టాను. ఆ పావుగంట ఎందుకు పట్టిందో ఆమెకు తెలిసే ఉంటుంది.

ఇక ఫిల్టర్ మాట. మంచిది కొనగలిగితే కొనండి, లేకపోతే ఆ ఖర్చు మానేయండి. లెన్స్ ముందు చిన్న గీత పడితే ఫోటోలో కనిపించడం చాలా అరుదు, చవక గాజు పెడితే మాత్రం దీపం ముందు ప్రతిసారీ కనిపిస్తుంది. పెట్టినా సరే, ఎప్పుడు తీయాలో తెలుసుకోండి. ఎవరిని అడిగినా “పెట్టు” అన్నాక “ఎప్పుడు తియ్యాలె?” అని రెండో ప్రశ్న అడగండి. దానికి జవాబు చెప్పని సీనియర్ దగ్గర కాస్త పైలంగా ఉండండి.

మేడం దగ్గరికి వెళ్లే ముందు, ఆ పొద్దున మా ఇంట్లో జరిగింది ఒకటి మిగిలింది. పెద్దదానికి అప్పుడు ఆరేళ్లు, జడ వేస్తున్నాను. చిన్నోడికి మూడేళ్లు, బిస్కెట్ పాలలో ముంచి సగం కింద పారేస్తున్నాడు.

“అమ్మా, నీకు పండ్లు నొస్తున్నయా? మొకం గట్ల పెట్టినవ్,” అన్నది పెద్దది.

ఎవరికో ఒకరికి ముందు చెప్పి చూడాలనిపించింది. “నిన్న నేనొక తప్పు చేసిన బిడ్డా. మా స్టూడియోల చిన్నక్క ఉంటది గద, ఆమె ఫోటో ఖరాబయితుంటె చూసుకుంట ఊకున్న. ఆమెను పనిలకెళ్లి తీసేసిన్రు.”

“అక్కను కొట్టినవా?” అన్నాడు చిన్నోడు.

“కొట్టలే నాయినా. కొట్టినంత పని చేసిన.”

“అయితె సారీ చెప్పు, అయిపాయె,” అన్నది పెద్దది. రిబ్బన్ నా చేతికిచ్చింది. “గని ఎందుకు ఊకున్నవ్?”

రాత్రంతా ఈ ప్రశ్నకు జవాబులు పోగుచేసుకున్నాను. జనం ఎక్కువ, లైటు బరువు, అంతా క్షణంలో జరిగిపోయింది, ఫిల్టర్ మంచికే ఇచ్చాను. మేడం కోసం అన్నీ వరసగా పెట్టుకున్నాను. రిబ్బన్ ముడి వేసి, పెద్దదాన్ని నా వైపు తిప్పుకున్నాను. చిన్నోడు కూడా బిస్కెట్ పట్టుకుని నా ముఖమే చూస్తున్నాడు.

“గా అక్క నాకంటె మంచిగ తీస్తది బిడ్డా,” అన్నాను. “గందుకే.”